గీత దాటని కాలు

పాల సొసైటీ దగ్గర పెన్నమ్మ అన్నదట: "కురువిళ కూతురికి కుట్లు పడిన కాలు బాగయిందని కాగితం వచ్చింది, సరే. మంచికాలు ఎప్పుడు పాడయిందో ఎవరూ అడగరేం?"

అన్నదట అనే చెప్పాలి. కురువిళ భార్య ఏలికుట్టి తన చెవులతో విన్నది కాదు. పొరుగింటి పెన్నమ్మ ఆ మాట పాలు పోయడానికొచ్చిన నలుగురిలో అన్నది. ఆ నలుగురిలో ఒకామె బస్సులో సుధర్మ టీచర్ పక్కన సీటు దొరికితే ఊరుకోలేక ఆవిడ చెవిన వేసింది. టీచర్ నవ్వి ఊరుకుంది. ఆ ఊరుకోవడం బడి చేరేదాకానే. చేరాక ఆటల గది బీరువా తెరిచి పాత రిజిస్టరు బయటికి లాగింది.

ఇప్పుడా రిజిస్టరు కురువిళ ఇంటి వసారాలో, అరుగు మీద, కూతురు బిన్సీ పరీక్ష కాగితం పక్కన తెరిచి ఉంది. టీచర్‌కి ఇచ్చిన నల్లకాఫీలో చీమ పడి ఈదుతోంది. ఆవిడ చూడలేదు. చూసినా తాగే స్థితిలో లేదు.

కురువిళ కళ్లంలో మిరియాలు తిరగేస్తున్నాడు. వీపు ఇటు పెట్టి, వంగి, చెక్కపారతో లాగుతున్నాడు. ఇంత పెద్ద సిమెంటు కళ్లం ఉంటే అరగంట నుంచీ వసారా మెట్ల ముందు పరిచిన మిరియాలనే అటూ ఇటూ లాగుతున్నాడు.

"అచ్చాయా, ఓసారి రండి. టీచర్ ఎంతసేపు కూర్చుంటుంది?" అంది ఏలికుట్టి మొగుడితో.

"చెవులు నాతోనే ఉన్నాయి. చెప్పమను."

సుధర్మ టీచర్ యాభై దాటిన మనిషి. తన కాలంలో ఎత్తు దూకిన మనిషి. ఇప్పటికీ నడుం నిటారుగా పెట్టి కూర్చుంటుంది. బిన్సీని ఆరో తరగతిలో ఇసుకగుంట అంచున నిలబెట్టి, మూడు గంతులేసి దూకడం నేర్పింది ఆవిడే.

"కురువిళ చేట్టా, నేను పోట్లాటకు రాలేదు. ఒక సంఖ్య నాకు అర్థం కావడంలేదు. అంతే."

"తొంభై ఆరు. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? తొంభై తెస్తే చాలన్నారు. నా కూతురు ఆరు ఎక్కువ తెచ్చింది. ఆ కాగితం కింద నీ సంతకం కూడా ఉంది."

"ఉంది. రాత్రి నుంచీ నన్ను తినేస్తున్నది అదే."

ఆ పరీక్ష సంగతి ఈ తొమ్మిది నెలల్లో ఆ ఇంట్లో కోళ్లకు కూడా తెలిసిపోయింది. ఒంటికాలి మీద నిలబడాలి. ఆ కాలితోనే ముందుకు దూకాలి. ఆ కాలి మీదే దిగి, రెండు లెక్కపెట్టేదాకా తూలకుండా నిలవాలి. బయల్దేరిన బొటనవేలి నుంచి దిగిన మడమదాకా టేపు పెట్టి కొలుస్తారు. ఈ కాలు మూడుసార్లు, ఆ కాలు మూడుసార్లు. కోసి కుట్టిన కాలు దూకిన దూరం, మంచికాలి దూరంలో నూటికి ఎంత అని లెక్క కడతారు. తొంభైకి తక్కువొస్తే మైదానం వైపు కన్నెత్తి చూడొద్దంటారు.

బిన్సీ కాగితం రెండు వారాల కిందట కోట్టయం నుంచి వచ్చింది. కురువిళ దాన్ని చాయ్ కొట్లో చూపించాడు, రబ్బరు షీట్లు కొనే కొట్లో చూపించాడు, చివరికి తెచ్చి తిరుహృదయం పటం కింద మేకుకి గుచ్చాడు. పొద్దుటి ప్రార్థనకి మోకరిల్లినప్పుడల్లా ఏలికుట్టి కళ్లకి ముందు యేసు ప్రభువు, ఆ కింద తొంభై ఆరు కనిపిస్తూ వచ్చాయి.

శనివారం పాలక్కాడ్‌లో సెలక్షన్. ఇరవై లోపు వాళ్ల జాతీయ శిబిరానికి. బిన్సీకి మార్చిలో ఇరవై నిండుతాయి. అంటే ఇదే ఆఖరు. ఇవాళ బుధవారం.

"ఏలికుట్టీ, నువ్వు చదువు" అంటూ టీచర్ రిజిస్టరు ముందుకు జరిపింది. "పోయిన ఏడాది మార్చి. కాలు తెగడానికి నెల ముందు. కుడికాలు ఎంతుంది?"

ఏలికుట్టి కళ్లజోడు లేకుండా దూరంగా పెట్టి చదివింది. "రెండు మీటర్ల రెండు సెంటీమీటర్లు."

"ఇప్పుడు ఈ కాగితంలో అదే కుడికాలు?"

"ఒకటి యాభై ఏడు."

ఏలికుట్టి మళ్లీ చదివింది. వేలు పెట్టి చదివింది. అంకె మారలేదు.

"తెగింది ఎడమ మోకాలు" అంది టీచర్. "లిగమెంటు తెగితే తొడ వెనక నుంచి పోగు తీసి కుట్టారు. కుడికాలికి కోత లేదు, కుట్టు లేదు, దోమ కూడా కుట్టలేదు. మరి మూరెడు దూరం ఎక్కడికి పోయింది?"

"తొమ్మిది నెలలు ఆటకి దూరంగా ఉన్న పిల్ల టీచరే. రెండు కాళ్లూ చిక్కవా?" అంది ఏలికుట్టి.

"చిక్కుతాయి. జానెడు తగ్గితే నేను నోరెత్తేదాన్ని కాదు. ఇది మూరెడు. ఇన్నాళ్లూ అందరం శాతం చూశాం. దూరం ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. తొంభై ఆరు అని కనిపించగానే కళ్లనీళ్లు పెట్టుకుని సంతకం చేశాను, గాడిదని."

కళ్లంలో పార ఆగింది. మళ్లీ కదిలింది.

"ఆ పెన్నమ్మ మాట పట్టుకుని వచ్చావా?" అన్నాడు కురువిళ, తల తిప్పకుండానే. "దాని కోడలు నాలుగు రోజులు పుట్టింటికి పోతే విడాకులని ఊరంతా చాటింది. అలాంటి మనిషి మాట."

"పెన్నమ్మ ఏమందో నీకు పూర్తిగా తెలుసా చేట్టా? కంచె మీదుగా నెల్లాళ్లు చూసిందట. నొప్పికాలు ఎక్కడ దిగుతుందో మంచికాలూ అక్కడే దిగుతోందట. నెల్లాళ్లు దూకిన పిల్ల వారానికి రెండంగుళాలైనా ముందుకు పోవద్దా, ఇదేం సాధన అందట. పశువులు కాసుకునే మనిషికి వచ్చిన సందేహం ముప్పై ఏళ్లు ఈ పని చేసిన నాకు రాలేదు."

టీచర్ కాగితం మీద ఇంకో వరుస చూపించింది. మూడుసార్లు దూకిన మూడు దూరాలు విడివిడిగా రాసిన వరుస అది.

"ఎడమకాలు చూడు. ఒకటి ముప్పై ఎనిమిది. ఒకటి యాభై ఒకటి. ఒకటి నలభై నాలుగు. పాపం ఎంత నిజం చెబుతోందో. ప్రాణం పెట్టి దూకే మనిషి అడుగు మూడుసార్లూ ఒకేచోట పడదు. ఇప్పుడు కుడికాలు చూడు. యాభై ఏడు. యాభై ఏడు. యాభై ఆరు. మేకు కొట్టినట్టు."

ఏలికుట్టి వరుస చూసింది. ఆ తర్వాత కళ్లంలోకి చూసింది.

మొగుడు ఇంకా మెట్ల ముందు మిరియాలనే లాగుతున్నాడు. మెట్ల ముందు మిరియాలు ఎన్నడూ పోయరు. అది బిన్సీ దూకే చోటు. ఈ పంట మొదలయిన నాటినుంచీ అక్కడ గింజ పడనివ్వలేదు. టీచర్ గొడుగు మలుపు దగ్గర కనిపించగానే బస్తా దొర్లించుకొచ్చి అక్కడ కుమ్మరించింది ఆయనే.

ఏలికుట్టి మెట్లు దిగింది. ఆయన చేతిలో పార పట్టుకుంది.

"ఇలా ఇవ్వండి."

"ఏమే, పనిలో ఉన్నాను."

"ఇవ్వండి అచ్చాయా."

ఆయన ఇవ్వలేదు. అలాగని గట్టిగా పట్టుకోనూ లేదు. ఏలికుట్టి పార లాక్కుని మిరియాలు పక్కకి తోసింది. రెండు లాగుళ్లకి సిమెంటు కనిపించింది. సిమెంటు మీద తెల్ల రంగుతో గీసిన గీత కనిపించింది.

ఆ గీత ఆమెకి కొత్త కాదు. క్రిస్మస్ ముందు నుంచీ ఉంది. రోజూ చీపురుతో దాని మీది దుమ్ము ఊడ్చింది తానే.

"టీచరే, టేపు తెచ్చారా?"

టీచర్ సంచిలోంచి టేపు తీసింది. ఒక కొస బిన్సీ బయల్దేరే మెట్టు దగ్గర ఆవిడ పట్టుకుంది. రెండో కొస ఏలికుట్టి గీత మీద పెట్టింది. చదవడానికి కళ్లజోడు అక్కర్లేకపోయింది.

ఒకటి యాభై ఏడు.

ఏలికుట్టి అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. మిరియాలు మోకాలి చిప్పల్లో గుచ్చుకుంటున్నాయి. ఆ సంగతి ఆమెకి తెలియలేదు.

కురువిళ తెల్లవారుజామున నాలుగింటికల్లా తలకి దీపం కట్టుకుని రబ్బరు పాల కోసం చెట్లు గీయడానికి పోయేవాడు. పోతూ ఆమెకి ఒక పని చెప్పి పోయేవాడు. "దూకడం ఎవడైనా దూకుతాడు, అనుకున్నచోట ఆగడమే విద్య అని కోట్టయంలో చెప్పారు. గీత మీద ఆగుతుందో లేదో నువ్వు చూడు. దాటితే మళ్లీ దూకించు." ఆమె చీపురు పట్టుకుని, కొంగు తలకి చుట్టుకుని, మంచులో నిలబడేది. మడమ రెండు వేళ్లు గీత దాటితే, "దాటింది మోళే, మళ్లీ" అనేది.

ఒకరోజు బిన్సీ కుడికాలితో గీతని జానెడు దాటి దూకింది. దిగి, తల వెనక్కి వేసి, నోరంతా తెరిచి గాలి పీల్చింది. ఏలికుట్టి కసిరింది. "ఏం పొగరే ఆ కాలికి? చాచ్చన్ ఏం చెప్పి పోయాడు?" పిల్ల నోరు మూసుకుని వెనక్కి వచ్చింది.

ఇప్పుడు ఏలికుట్టి గీత మీద అరచెయ్యి పెట్టింది.

"నాచేత చేయించారు" అంది. లేవలేదు. "అచ్చాయా, నా బిడ్డ కాలికి సంకెల వేసి, తాళం నా చేతికిచ్చి పోయారు."

"లే ఏలికుట్టీ. మోకాళ్లు కోసుకుపోతాయి."

"తెలిసి చేయించారు."

కురువిళ తల గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

తలుపు దగ్గర అలికిడయింది. బిన్సీ వచ్చి నిలబడింది. పెరట్లో నేల మీద కసరత్తు చేస్తూ వచ్చినట్టుంది, చేతులకి మట్టి. మోకాలి మీదికి మడిచిన పైజామా. ఎడమ మోకాలి మీద కుట్ల మచ్చ జెర్రిలా ఉంది. ఎంతసేపు తలుపు వెనక నిలబడిందో ఏమో.

సుధర్మ టీచర్ ఆ పిల్లని తిట్టలేదు. "మిరియాలు ఊడ్చేస్తాం. ఒక్కసారి దూకుతావా?" అంది. "నాకోసం. గీత లేదనుకుని."

"నా కూతురు సంతలో మేక కాదు, నడిపించి చూడ్డానికి" అన్నాడు కురువిళ.

"దూకుతా చాచ్చా" అంది బిన్సీ తండ్రితో.

ఏలికుట్టి లేచి చీపురు తెచ్చింది. గింజ మిగలకుండా ఊడ్చింది. ఒక్క గింజ పాదం కింద పడితే చాలు, జారుతుంది.

బిన్సీ కుడికాలి మీద నిలబడింది. చేతులు వెనక్కి లాగింది. ఒక్కసారి కిందికి కుంగి లేచింది.

గీత ఎక్కడో వెనక ఉండిపోయింది. పిల్ల ఏలికుట్టి కళ్ల ముందు నుంచి పోయింది, జామచెట్టు నీడ దాటింది, ఒక్క కాలి మీద దిగి కొంగలా నిలబడిపోయింది. తూలలేదు. ఒకటి, రెండు. మూడు కూడా లెక్కపెట్టొచ్చు.

టీచర్ కొలిచింది. "రెండు మీటర్ల అయిదు" అంది. "కాలు తెగకముందు కంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువ. దొంగపిల్లా."

"ఇప్పుడు ఎడమది" అంది బిన్సీ తనంతట తానే.

ఎడమకాలి మీద నిలబడింది. చేతులు అలాగే లాగింది. కుంగినప్పుడే మోకాలు లోపలికి వంగింది. దూకింది. దిగినప్పుడు ఆ మోకాలు గాలికి తలుపు కొట్టుకున్నట్టు రెండో మోకాలి వైపు కొట్టుకుంది. రెండో పాదం నేలకి తగలకుండా ఉండడానికి చెయ్యి నేల మీద ఆనించింది.

ఏలికుట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. కాగితం మీద తొంభై ఆరు చూసింది గానీ, రెండు కాళ్లూ ఒకదాని పక్కన ఒకటి ఇలా తను ఎన్నడూ చూడలేదు. ఇన్నాళ్లూ ఆమె చూసినవి కవలల్లాంటి రెండు గంతులు. అసలు సంగతి ఇది. ఒకటి పరిగెత్తే కాలు, ఒకటి పాకే కాలు.

"ఒకటి నలభై తొమ్మిది. చెయ్యి ఆనింది కాబట్టి అదీ లెక్కకి రాదు. వచ్చినా డెబ్బై మూడు" అంది టీచర్. టేపు చుట్టింది. చుట్టడం సరిగా రాక మళ్లీ విప్పి చుట్టింది.

"డెబ్బై మూడు అయితే?" అన్నాడు కురువిళ. "శిబిరంలో చేర్చుకున్నాక డాక్టర్లుంటారు, గుడ్లుంటాయి, మాంసముంటుంది, పెద్దపెద్ద మిషన్లుంటాయి. నెలకి తొంభై చేస్తారు. ఇక్కడేముంది? కర్రపెండలం, చేపల పులుసు, ఈ కొండ ఎక్కి దిగడం. లోపలికి పోతే బాగయ్యే కాలు, బాగయితేగాని లోపలికి రానివ్వరట. ఇదేం లెక్క టీచరే?"

"లోపలికి పోవాలంటే శనివారం దూకాలి. పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ ఎడమకాలి మీద దిగి, మళ్లీ లేవాలి. ఆ క్షణంలో ఒంటి బరువుకి పదింతలు ఆ మోకాలి మీద పడుతుంది. ఇక్కడ నిలబడి దూకితేనే ఎలా కొట్టుకుందో చూశావుగా."

"ఒక్క రోజు. ఆరు దూకులు."

"ఒక్క దూకు చాలు."

"డాక్టర్ చెప్పాడు అచ్చాయా" అంది ఏలికుట్టి. "మీరూ విన్నారు. రెండోసారి తెగితే కుట్టడానికి అంత మంచి పోగు దొరకదన్నాడు. దూకడం సంగతి వదిలెయ్యండి, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాలన్నాడు. పందొమ్మిదేళ్లు దానికి."

"నాకు తెలియదా? దాన్ని నేను కనలేదా?"

"కన్నది నేను. మీరు గీత గీశారు."

కురువిళ మొహం పాలిపోయింది. చాలా మాటలు పడ్డాడు గానీ ఈ మాట ఆయన ఎముకకి తగిలింది. జామచెట్టు మొదట్లో కూలబడ్డాడు.

బిన్సీ అప్పుడే గొంతు విప్పింది.

"గీయమన్నది నేను."

ముగ్గురూ అటు తిరిగారు.

"చాచ్చన్‌ది కాదు ఆ ఆలోచన. నాది. కోట్టయంలో ఎడమకాలు కొలిచిన రోజున అక్కడ కసరత్తు చేయించే అక్కని అడిగాను, ఈ శాతం ఎలా కడతారని. కుట్టిన కాలి దూరాన్ని మంచికాలి దూరంతో భాగిస్తాం అంది. ఇంటికొచ్చేదాకా బస్సులో అదే ఆలోచించాను. పైనున్న అంకె పెరగడంలేదు. మూడు నెలలైనా పెరగడంలేదు. మరి కింది అంకెని నేను తగ్గించొచ్చు కదా అనుకున్నాను."

"మోళే" అన్నాడు కురువిళ. "ఊరుకో."

"చాచ్చన్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం తినలేదు. కడుపునొప్పి అని నీతో చెప్పాడు, గుర్తుందా అమ్మచ్చీ? మిరియాల కషాయం కాచిచ్చావు. మూడోరోజు రంగు డబ్బా తెచ్చాడు."

ఏలికుట్టి గుర్తు తెచ్చుకుంది. కషాయం గుర్తుంది. గ్లాసు అందుకుంటూ ఆయన ఆమె కళ్లలోకి చూడకపోవడం గుర్తుంది. కడుపునొప్పి వల్ల అనుకుంది.

"మీ ఇద్దరికీ తెలుసు" అంది మెల్లగా. "ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఇద్దరికి తెలుసు. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే శనివారం పాపాలు ఒప్పుకోవడానికి చర్చికి పోయి ఫాదర్‌కి చెప్పేస్తావు" అంది బిన్సీ. "ఫాదర్ తర్వాతి ఆదివారం ప్రసంగంలో పేరు లేకుండా మా గురించే చెబుతాడు. పేరు పెన్నమ్మ చెబుతుంది."

ఇంకో రోజయితే ఆ మాటకి ముగ్గురూ నవ్వేవాళ్లు. టీచర్ పెదవి కదిలింది కూడా. నవ్వు మాత్రం రాలేదు.

"బిన్సీ, నన్ను చూడు" అంది టీచర్. "నన్నెలా మోసం చెయ్యాలనిపించింది?"

"మిమ్మల్ని కాదు టీచర్. టేపుని."

"టేపు పట్టుకునేది మనుషులే."

బిన్సీ తల దించుకుంది. చేతి మట్టి వేలితో గీకింది. "మీకు అనుమానం వస్తుందనుకున్నాను" అంది. "కాగితం మీకిచ్చి, మీరు చదువుతున్నంతసేపూ, ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అనుకుంటూ నిలబడ్డాను. మీరు నన్ను కావలించుకున్నారు."

సుధర్మ టీచర్ అరుగు మీద కూర్చుండిపోయింది. ఆవిడ చెయ్యి రిజిస్టరు మీద పడి ఉంది. ఆవిడ ఆ చేతినే చూస్తోంది.

పక్కింటి కంచె అవతల ఆవు అరిచింది. ఎవరో దాన్ని ఉష్ అన్నారు. పెన్నమ్మ అక్కడే ఉందన్నమాట. ఎవరికీ పట్టలేదు.

టీచర్ రిజిస్టరు మూసింది. "సెలక్షన్ వాళ్ల నంబరు నా దగ్గరుంది. పరీక్ష తప్పు, సంతకం వెనక్కి తీసుకుంటున్నానని నేను చెబితే ఇవాళే పేరు కొట్టేస్తారు. కావాలని చేసిందని తెలిస్తే ఏడాదిపాటు ఏ పోటీకీ రానివ్వరు."

"చెప్పకపోతే?" అన్నాడు కురువిళ.

"చెప్పకపోతే శనివారం దూకుతుంది."

"మరి చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను టీచరే. చెట్టు మీంచి పడ్డా ఒకరిని ఇంతగా బతిమాలను."

టీచర్ చుట్టిన టేపు సంచిలో పెట్టింది, మళ్లీ బయటికి తీసింది. ఆవిడ అలా తటపటాయించడం ఏలికుట్టిని మళ్లీ భయపెట్టింది. టీచర్ తటపటాయించే మనిషి కాదు.

"నాకూ భయమే ఏలికుట్టీ" అంది టీచర్. ఆయన వైపు చూడలేదు. "నా సంతకంతో శనివారానికి పోతున్న పిల్లలు ఇంకా అయిదుగురున్నారు. ఒక్క కాగితం తప్పంటే మిగతావీ తిరగేస్తారు. వాళ్లలో ఒకమ్మాయి తల్లి చేపలమ్ముకుంటుంది. రాత్రంతా అదే ఆలోచించాను. ఇక్కడికి రాకుండా ఉండిపోదామని కూడా అనుకున్నాను."

"అదీ మాట" అన్నాడు కురువిళ ఆశగా, లేచి నిలబడుతూ. "నలుగురికి తెలిసిన సంగతి నలుగురిలోనే ఉంటుంది. ఆ మోకాలికి గట్టిగా పట్టీ కడదాం. మూడు దూకులకే ఆపెయ్యమందాం. ఈ ఒక్కసారికి దేవుడు చూసుకోడా?"

"దేవుడి పటం కిందే పెట్టారు ఆ దొంగ కాగితాన్ని" అంది ఏలికుట్టి. "ఇంకా ఆయన్నెందుకు లాగుతారు?"

ఆమె వసారా ఎక్కింది. టీచర్ సంచి తీసి, అందులోంచి ఫోను తీసి, ఆవిడ చేతిలో పెట్టింది. ఇన్నేళ్లలో అడగకుండా ఒకరి సంచిలో చెయ్యి పెట్టడం ఆమెకి ఇదే మొదటిసారి.

"చెయ్యండి."

"ఏలికుట్టీ" అన్నాడు కురువిళ.

"నేను తల్లిని. నేను చెబుతున్నాను. ఆ అయిదుగురి తల్లులకి కూడా నేనే పోయి చెబుతాను, నా కూతురు వల్ల జరిగిందని. చెయ్యండి టీచరే. అది కుంటుకుంటూనైనా ఈ ఇంట్లో తిరగాలి నాకు. దూకకపోతే మానె."

టీచర్ కళ్లజోడు సర్దుకుంది. నంబరు వెతికింది. నొక్కింది. ఫోను మోగుతున్న చప్పుడు చిన్నగా వసారాలోకి వచ్చింది.

కురువిళ రెండంగల్లో మెట్లెక్కబోయాడు. బిన్సీ చెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యనీ చాచ్చా. ఆపకు" అంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. తల్లి వైపు తిరిగి, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది.

"నా ఆరో తరగతి నుంచీ రోజూ అయిదింటికి నన్ను లేపుతున్నావు అమ్మచ్చీ. దూకడం తప్ప ఇంకే పనీ చెప్పలేదు నువ్వు, గిన్నె కూడా తోమనివ్వలేదు. రేపు పొద్దున్న లేపి నన్ను ఏం చెయ్యమంటావో, అది చెప్పు ముందు."

అక్కడ పెద్దవాళ్లు ముగ్గురున్నారు. ఫోను మోగుతూనే ఉంది.